బల్లకట్టు మీద మూసిన తలుపులు

దయ్యాలూ భూతాలూ ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నా వృత్తి అలాంటిది. తాడేపల్లిగూడెంలో మార్కెట్ యార్డు దగ్గర నాది ఆటో ఎలక్ట్రికల్ షాపు. కారు తనంతట తానే హారన్ కొడుతోందనీ, తాళం వేసి ఉండగానే లైట్లు వెలుగుతున్నాయనీ మొహాలు వేలాడేసుకుని వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను. ఎర్త్ వైరు వదులైపోవడమో, ఫ్యూజు బాక్సులోకి నీళ్ళు దిగడమో, ఎలక వైరు కొరకడమో, చివరికి తేలేది అదే.

మా ఇంట్లో పెద్దవాళ్ళు జిన్నుల సంగతులు మొదలుపెడితే మధ్యలోనే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. నోరు కాస్త దురుసు నాకు. "ఆ జిన్నుకి ఎన్ని వోల్టులు కావాలి?" అని అడిగి మా మేనత్త చేత చీవాట్లు కూడా తిన్నాను. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. మీ చోట నేనుంటే నేనూ నవ్వేవాణ్ణే.

సెల్ ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులవి. మా ఊళ్ళో బియ్యం వ్యాపారం చేసే పాండురంగారావు గారు ఏలూరులో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. తెల్లగా, చూడ్డానికి ముచ్చటగా ఉండేది. చాలాకాలం షెడ్డులో కదలకుండా పడి ఉండడంతో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. తాడు కట్టి లాక్కొచ్చి నా షాపు ముందు వదిలారు.

కొత్త బ్యాటరీ వేశాను. అక్కడితో అయిపోవాలి, అవలేదు. తాళం తిప్పితే ఇంజను అందుకుని వెంటనే ఆగిపోయేది. మీటర్ల మధ్య తాళంచెవి బొమ్మ ఉన్న దీపం టపటపా కొట్టుకునేది. బ్యాటరీ బొత్తిగా అయిపోయిన కార్లు ఒక్కోసారి తమ తాళంచెవినే గుర్తుపట్టవు, దొంగ తాళం అనుకుంటాయి. దానికో పద్ధతి ఉంది. తాళం ఆన్‌లో పెట్టి, ఆ దీపం ఆరేదాకా ఏదీ ముట్టుకోకుండా ఓపిగ్గా కూర్చోవాలి. కూర్చున్నాను. ఈసారి ఇంజను వెంటనే ఆగిపోలేదు.

ఆ తర్వాత తలుపుల గొడవ మొదలైంది. ఎవరూ ముట్టుకోకుండానే లాకులు పడిపోయేవి. పాత ఓనరు ఆ కారుకి దొంగల అలారం, నాలుగు తలుపులకీ ఒకేసారి లాకు వేసే సెంట్రల్ లాకింగు బయటి షాపులో పెట్టించుకున్నాడు. దాని పెట్టె పాడైందనుకుని, వైర్లు విప్పి పెట్టెను మొత్తం బయటికి తీసి షాపులో నా బల్ల మీద పడేశాను. ఇక లాకులు తమంతట తాము కదిలే దారి లేదు.

లాక్ పిన్నులు కూడా ఆయన మార్పించాడు. దొంగలు తీగ వేసి లాగకుండా, లాకు పడగానే తలుపులోకి పూర్తిగా మునిగిపోయే రకం. మునిగాక లోపలున్నవాళ్ళ వేళ్ళకి కూడా అందవు. అవి మార్చాలి. ఐడిలింగు కూడా ఇంకా కుదురుకోలేదు, ఆక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజను ఆగిపోయేది. కారును ఇంకొన్నాళ్ళు నా దగ్గరే ఉంచమన్నాను.

పాండురంగారావు గారి అమ్మగారు రత్నమ్మ గారు ఒప్పుకోలేదు. బండి కొంటే ముందు కొల్లేటికోట అమ్మవారి దగ్గర పూజ చేయించాలని ఆవిడ పట్టు. మోకాళ్ళ నొప్పులు, పైగా ఆయాసం, అయినా మాట అంటే మాటే. మా అమ్మ ఆవిడకి జాకెట్లు కుట్టేది. ఆ చనువుతో చిన్నప్పటినుంచీ నన్ను ఆటపట్టించేవారు.

"మీ అమ్మ వేసిన కుట్టు జాకెట్టు చిరిగినా ఊడేది కాదురా బాజీ. నువ్వు వేసిన వైరు గుడి దాకా కూడా నిలవదా ఏంటి?" అన్నారు షాపు ముందు నిలబడి.

దారిలో ఆగిపోతే చూడ్డానికి నన్ను కూడా రమ్మన్నారు పాండురంగారావు గారు. చేతిలో పని వదిలేసి వెళ్ళడం నాకిష్టం లేదు. అయినా ఆవిడ మాట తీసెయ్యలేక విసుక్కుంటూనే ఎక్కాను.

ఆకివీడు మీదుగా కొల్లేరు వైపు దిగాం. కారు ఏ పేచీ పెట్టలేదు. మేము వెళ్ళిన దారిలో అప్పట్లో ఒకచోట వంతెన లేదు, బల్లకట్టు ఉండేది. రెండు పడవల మీద బల్లలు పరిచి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కట్టిన తాడు పట్టుకుని లాగుతారు. కార్లు, మోటారు సైకిళ్ళు, చేపల మేత బస్తాలు, మనుషులు, అన్నీ దాని మీదే.

ఆ బల్లకట్టు వాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. కారు ఎక్కించగానే లోపలివాళ్ళు దిగిపోవాలి, నాలుగు తలుపులూ బార్లా తెరిచి ఉంచాలి. బల్లకట్టు నడిపే ఏడుకొండలు మాకూ అదే చెప్పాడు.

"నీళ్ళ మీద ఉండగా కారు తలుపు మూయకూడదండి. అవతల గట్టు తగిలాకే మూయాలండి. మా నాన్న హయాం నుంచీ ఇంతేనండి" అన్నాడు.

మునిగితే బయటపడే వీలు కోసమని అర్థం చేసుకున్నాను. తెలివైన పద్ధతే.

రత్నమ్మ గారు దిగనన్నారు. ఎండ, దుమ్ము, చేపల వాసన తన ఆయాసానికి సరిపడవన్నారు. తలుపులు మూసి ఏసీ వెయ్యమన్నారు. ఏడుకొండలు మళ్ళీ ఏదో చెప్పబోయి, పెద్దావిడతో వాదించలేక తాడు దగ్గరికి వెళ్ళిపోయాడు. పూజ సామాను సంచీ పట్టుకుని పాండురంగారావు గారు దిగారు. కాలు తీస్తే ఇంజను ఆగిపోతుంది కాబట్టి నేను డ్రైవర్ సీట్లోకి మారాను. ఆవిడ వెనక సీట్లో ఎడమ వైపు కూర్చున్నారు. తలుపులు మూసుకున్నాం.

నీళ్ళ మధ్యకి వచ్చేసరికి ఇంజను ఆగిపోయింది. నా కాలు ఆక్సిలరేటర్ మీదే ఉంది. ఆ వెనువెంటనే నాలుగు లాకులూ ఒకేసారి టక్కున పడ్డాయి.

బల్లకట్టు కుదుపుకి పడ్డాయేమో అనుకున్నాను. ఒకటి పడొచ్చు. నాలుగూ కలిసి పడతాయా అన్న ఆలోచన అప్పుడు రాలేదు. తాళం తిప్పితే మీటర్లలో ఒక్క దీపం కూడా వెలగలేదు. అద్దాలు దించే స్విచ్చులు నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. లోపలి పిడి లాగితే తలుపు రాలేదు. పిన్నులు గోళ్ళతో పీకి చూశాను, గోరు చీలింది కానీ అవి కదల్లేదు. ఆ కారుకి ఉన్నదే ఒక తాళంచెవి, అది నా చేతిలోనే ఉంది. బయటినుంచి తెరిచే దారి కూడా లేదు.

ఏసీ చల్లదనం చూస్తుండగానే పోయింది. మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా అద్దాల మీద పడుతోంది. వెనక రత్నమ్మ గారి ఊపిరి ఈల వేసినట్టు మొదలైంది. ఆవిడ నోట్లోకి కొట్టుకునే మందు పంపు పూజ సామాను సంచీలో ఉంది. అద్దానికి అవతల, కొడుకు చేతిలో.

పాండురంగారావు గారు సంచీలోంచి ఆ పంపు తీసి అద్దానికి ఆనించి పట్టుకున్నారు. ఆయన ఏడుస్తున్నారు. జానెడు దూరంలో ఉన్న మందు ఆవిడకి అందదు. అంత నిస్సహాయంగా నా జీవితంలో ఎప్పుడూ అనిపించలేదు.

అద్దం పగలగొట్టమని సైగ చేశాను. బల్లకట్టు మీద రాయి ఎక్కడుంటుంది? వెదురు గడతో పొడిచారు, అది జారిపోయింది. నేను లోపల్నుంచి మడమతో తన్నాను. కాలు బెణికింది, అద్దం చెక్కుచెదరలేదు. ఇంతలో డాష్‌బోర్డు కింద నుంచి వైరు కాలుతున్న వాసన వచ్చింది. అది నాకు బాగా తెలిసిన వాసన. పెట్రోలు బండి, మూసిన తలుపులు, లోపల మేమిద్దరం. చచ్చిపోతామనుకున్నాను. నా పిల్లలు కళ్ళముందు మెదిలారు.

బానెట్ లీవరు మాత్రం తీగతో పనిచేస్తుంది, దానికి కరెంటు అక్కర్లేదు. లాగాను. బ్యాటరీ తీసెయ్యండని గొంతు చించుకుని అరిచాను. ఏడుకొండలు తన పట్టకారుతో రెండు టెర్మినళ్ళూ విప్పి, బ్యాటరీని ఎత్తి బల్లల మీద పెట్టాడు. అది నా పక్క కిటికీలోంచి స్పష్టంగా కనిపించింది. వాసన తగ్గింది. ఇప్పుడు ఆ కారులో కరెంటు అన్నది లేదు. వైర్లు పీకేసిన సెంట్రల్ లాకింగు పెట్టె తాడేపల్లిగూడెంలో నా బల్ల మీద ఉంది.

సరిగ్గా అప్పుడు వెనక ఎడమ తలుపు లాకు కదలడం మొదలైంది.

పైకి లేచేది. మళ్ళీ పడేది. కాస్త ఆగి మళ్ళీ లేచేది. మోటారు లాగితే ఒక్క దెబ్బకి లేస్తుంది. ఇది అలా కాదు. తలుపు తీయడం చేతకాని మనిషి ప్రయత్నిస్తున్నట్టు, సగం లేచి ఆగి, మళ్ళీ జారిపోయేది. వెనక్కి తిరిగి చెయ్యి చాచి పిన్ను అందుకోబోయాను. నా వేళ్ళు తగలకముందే మునిగిపోయింది.

రత్నమ్మ గారు మాత్రం భయపడలేదు. ఊపిరి అందక పెదవులు నల్లబడుతున్నాయి, అయినా మెల్లగా సీటు మీద జరిగి నా వెనక వైపుకి, కుడి పక్కకి వచ్చారు. ఎడమ పక్కన ఖాళీ వదిలారు. ఆ ఖాళీ వైపు చూస్తూ మాట్లాడారు.

"ఇరుగ్గా ఉందా తల్లీ? ఇలా సర్దుకో. తీస్తున్నారుగా, కంగారు పడకు."

నాతో కాదు. నన్ను ఆవిడ ఎప్పుడూ తల్లీ అనలేదు. అద్దంలో చూశాను, తిరిగి చూశాను. ఆవిడ పక్కన ఎవరూ లేరు. నేను చూసింది ఖాళీ సీటు, అంతే. కానీ కారులో ఇద్దరమే ఉన్నామని ఆ క్షణంలో నన్ను ఒట్టు పెట్టమంటే పెట్టేవాణ్ణి కాదు. గాలి ముగ్గురు పీలుస్తున్నట్టు తరిగిపోయింది.

బల్లకట్టు గట్టుకి తగిలింది. నాలుగు లాకులూ ఒక్కసారిగా లేచాయి.

పాండురంగారావు గారు కుడివైపు వెనక తలుపు లాగి, వాళ్ళమ్మగారిని చంకల కింద చేతులు వేసి బయటికి తీశారు. మందు నోట్లో కొట్టారు. గట్టు మీద మేత బస్తాకి ఆనించి కూర్చోబెడితే కాసేపటికి ఊపిరి నిలదొక్కుకుంది. కళ్ళు తెరిచి ముందు నన్నే పిలిచారు.

"ఆ పిల్ల దిగిందా బాజీ?"

"దిగిందండి" అన్నాను.

తర్వాత బ్యాటరీ పెట్టి తాళం తిప్పితే మొదటిసారికే స్టార్టయింది. ఐడిలింగు దానంతట అదే కుదురుకుంది. షాపుకి తెచ్చి డాష్‌బోర్డు మొత్తం విప్పాను. మాడిన వైరు ఒక్కటి కూడా కనపడలేదు. లాకుల మోటార్ల వైర్లు నేను విప్పిన చోటే, టేపు చుట్టి, వేలాడుతూ ఉన్నాయి. బ్యాటరీ తీసినా ఎక్కడైనా కాస్త కరెంటు నిలవుంటుంది కదా అని నాలాంటి మెకానిక్కులు అడిగారు. ఉంటుంది, ఒక దీపం క్షణం మిణుకుమనడానికి సరిపోతుంది. విప్పేసిన వైర్లలోంచి అది లాకుని అన్నిసార్లు ఎలా ఆడిస్తుంది?

ఏలూరులో పాత ఓనరుని కలిశాను. ఆ కారులో ఎవరూ పోలేదు, దానికి ఏ ప్రమాదమూ జరగలేదు. ఆయన అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. ఏడుకొండల్ని కూడా అడిగాను. బల్లకట్టు మీంచి కారు ఎప్పుడూ పడలేదట, ఏ ఆడపిల్లా మునగలేదట. మరి తలుపులు ఎందుకు తెరిచి ఉంచుతారంటే, "మా నాన్న అడగనిచ్చేవాడు కాదండి" అన్నాడు. రత్నమ్మ గారికి ఆ తర్వాత ఆ మాటలేవీ గుర్తు లేవు. ఊపిరాడక తల తిరిగి అలా మాట్లాడి ఉంటారని డాక్టరు గారు చెప్పారు. అవును, అలా జరుగుతుంది. ఆవిడ మాటలకి నాకు సమాధానం దొరికింది.

నా సంగతికే దొరకలేదు. పెద్దావిడ మనసు నిమ్మళించడానికి నేను దిగిందండి అన్నానని పాండురంగారావు గారు అనుకున్నారు. మంచిపని చేశావయ్యా అని భుజం కూడా తట్టారు. నేను కాదనలేదు.

లాకులు లేవగానే నేను దూకి, కారు చుట్టూ తిరిగి వెనక ఎడమ తలుపు దగ్గరికి పరుగెత్తాను. రత్నమ్మ గారి కోసమే, అలవాటున ఆవిడ అటే ఉన్నారనుకుని. తలుపు తెరిచేసరికి ఆవిడ అప్పటికే కుడివైపు నుంచి కొడుకు చేతుల్లో బయటికి వెళ్ళిపోతున్నారు. అది నేను చూశాను. సీటు ఖాళీగా ఉంది, అదీ చూశాను. అటు పరుగెత్తి సాయం పట్టాలి. పట్టలేదు. తలుపు పట్టుకుని, ఓ అడుగు వెనక్కి వేసి, దారి వదిలి, తల పక్కకి తిప్పుకుని నిలబడ్డాను. పరాయి ఆడపిల్ల బండి దిగుతుంటే మగవాడు ఎలా నిలబడతాడో అలా. దిగడం అయిందనిపించాక తలుపు మూశాను. ఎందుకు అనిపించిందో ఈ రోజుకీ నాకు తెలియదు.