గుమ్మంలోకి తల దూర్చిన రాక్షసుడు

1944లో నేను చిత్తూరులో ఒక చిన్న అచ్చాఫీసుకు బ్లాకులు చెక్కేవాణ్ణి. బ్లాకు అంటే బొమ్మ చెక్కిన కొయ్య దిమ్మె. తెల్లగా రావలసిన చోటల్లా ఉలితో తీసేస్తే, మిగిలిన ఎత్తుకు సిరా అంటి కాగితం మీద బొమ్మ పడుతుంది. యుద్ధం వల్ల మద్రాసు నుంచి జింకు బ్లాకులు రావడం కష్టమైంది కాబట్టి నాకు మంచి గిరాకీ ఉండేది. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, రాక్షసుడి కోర చెక్కడంలో మా జిల్లాలో నన్ను మించినవాడు లేడు.

ఆ వేసవిలో గ్రేసమ్మ అనే టీచరు రాసిన పిల్లల కథ మా దగ్గరికి వచ్చింది. ఆమె పనిచేసే బడిలో చదివించడానికి హెడ్మాస్టరమ్మ ఒప్పుకుంటేనే అచ్చు వేస్తానని మా యజమాని మొదలియారు చెప్పాడు. లేకుంటే రెండేళ్లు కూర్చుని రాసిన కథ ఆమె ట్రంకుపెట్టెలోనే ఉండిపోవలసిందే.

కథ చదివి బొమ్మ చెక్కే అలవాటు మా పనిలో లేదు. యజమాని నోటితో చెబుతాడు, మేము చెక్కుతాం. "రాక్షసుడు, ఎదురుగా ఒక ఆడపిల్ల. అంతే ఆచారీ" అన్నాడు మొదలియారు. పది రోజులు వంచిన తల ఎత్తకుండా చెక్కాను. రాక్షసుడు వంగి ఒక ఇంటి గుమ్మంలోకి తల దూర్చాడు. లోపల పిల్ల గోడకు అంటుకుపోయి అరుస్తోంది. మొదటి ప్రూఫు, అంటే సరిచూసుకోవడానికి తీసే కాగితం, చూసి నేనే మురిసిపోయాను.

హెడ్మాస్టరమ్మ దాన్ని తిప్పి పంపేసింది. ఇలాంటి దయ్యాల పుస్తకం తన బడి గడప తొక్కకూడదన్నదట. శుక్రవారం లోపల వేరే బొమ్మ చూపిస్తే సరి, లేకుంటే లేదు.

గ్రేసమ్మ ఆ ప్రూఫు పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"ఆచారిగారూ, నా కథ చదివినారా?"

"లేదమ్మా. చదివేది మా పని కాదు."

"అట్లయితే వినండి. నా రాక్షసుడు ఉండేది కొండ మీద. కింద ఊరోళ్లందరికీ వాడు తెలుసు. వాన ఎప్పుడొస్తాదని వాణ్ణే అడుగుతారు. మీరు వాణ్ణి తెచ్చి ఇంట్లోకి దూర్చినారు."

నాకు రోషం వచ్చింది. "కోరలు తగ్గించమంటారా? రాక్షసుడంటే భయం పుట్టల్ల గదమ్మా."

"కోరలు ఉండనీండి. వాడు రాకూడని చోటికి వస్తే అది భయం. వాడుండే చోటికి మనం పోతే అది వింత. భయం కథలో పిల్ల తలుపేసుకుంటాది. నా కథలో పిల్ల తలుపు తీసుకోని కొండెక్కతాది."

ఆ మాట చురుక్కుమంది, సిగ్గు కూడా వేసింది. ఇన్నేళ్లూ భయమంతా కోరల్లోనే ఉందనుకుంటూ చెక్కాను.

శుక్రవారానికి మూడు రోజులే ఉన్నాయి. కొత్త దిమ్మె చెక్కే వ్యవధి లేదు. రాక్షసుడి మొహాన్ని గోకి పారేయడానికి నాకు చెయ్యి రాలేదు. ముందు కథ చదివాను. తర్వాత గుమ్మం గీతలన్నీ ఉలితో తీసేశాను. అవి పోయి ఆకాశం మిగిలింది. పిల్లా గోడా ఉన్న మేర తొలిచి, ఆ గుంటలో కొత్త కొయ్యముక్క దిగ్గొట్టాను. దీన్ని ప్లగ్గు అంటారు. ఎత్తులో వెంట్రుకవాసి తేడా వచ్చినా అచ్చులో మచ్చ పడుతుంది. ఆ ముక్క మీద ఒక బండ, బండ మీద నడుముకు చెయ్యి ఆనించి, తలెత్తి ఏదో అడుగుతున్న పిల్లను చెక్కాను. అంతే, రాక్షసుడు ఆ పిల్ల మాట వినడానికి వంగినట్టు కనిపించాడు.

శుక్రవారం గ్రేసమ్మతో కలిసి బడికి వెళ్లాను. హెడ్మాస్టరమ్మ రెండు ప్రూఫులూ పక్కపక్కన పెట్టి చూసింది.

"రాక్షసుణ్ణి మార్చినారే."

"లేదమ్మా. వాడి మీద ఒక్క గీత కూడా నేను ముట్టలేదు. సూడండి."

ఆమె నమ్మలేదు. వేలు పెట్టి రెండింట్లోనూ కోరలు లెక్కపెట్టింది. కనుబొమ్మలు, గోళ్లు కూడా పోల్చి చూసింది. ఉలి పట్టిన ఇన్నేళ్లలో నా పనిని అంత శ్రద్ధగా చూసినవాళ్లు లేరు. నా ఛాతీ పొంగింది.

"ఇంతకీ ఆ పిల్ల వాణ్ణి ఏమి అడుగుతా ఉండాది?" అంది చివరికి.

గ్రేసమ్మ నవ్వు ఆపుకుంటూ, "అది తెలియాలంటే పుస్తకం అచ్చు కావల్ల గదమ్మా" అంది.

హెడ్మాస్టరమ్మ కలం మూత తీసి ప్రూఫు వెనక సంతకం చేసింది.

ఇప్పటికీ రాక్షసుణ్ణి చెక్కమని వస్తారు. కోరలెన్ని అని అడగను. వాడుండే చోటెక్కడ, ఎదురుగా ఉన్నవాళ్లు పారిపోతున్నారా, మాట్లాడుతున్నారా అని అడుగుతాను. జవాబు తెలియనివాళ్లను కథ నా దగ్గర పెట్టి వెళ్లమంటాను. చదివిన తర్వాతే ఉలి తీస్తాను.