పక్కింటి అక్క ముందు నేనన్న మాట

నా చిన్నప్పుడు మేము సూరత్‌లో సాంచల, అంటే మరమగ్గాల, కార్ఖానాల వెనక ఒక చాల్‌లో ఉండేవాళ్ళం. వరుసగా పద్నాలుగు గదులు, అందరికీ కలిపి ఒకటే నల్లా. దాదాపు అందరం కరీంనగర్ వైపు నుంచి బతకడానికి వచ్చినవాళ్ళమే. నాన్న సాంచలు నడిపేవాడు. అమ్మ ఇంట్లోనే కూర్చుని కొత్త చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. నన్ను చూసుకునేది మా నాయనమ్మ.

పక్క గదిలో ఒక అక్క, వాళ్ళాయన ఉండేవాళ్ళు. పెళ్ళయి మూడేళ్ళు. ఆయన్ని నేను బావా అని పిలిచేదాన్ని. నాకు పదేళ్ళప్పుడు, వానాకాలంలో ఒక ఆదివారం, బావ తన ప్రాణం తనే తీసుకున్నాడు. ఎందుకో ఎవరికీ తెలియదు. ముందురోజు కూడా పనికి వెళ్ళొచ్చాడు, మామూలుగానే అన్నం తిన్నాడు.

కర్మలు అయ్యాక ఊరి నుంచి వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయారు. అక్కను తమతో రమ్మని ఎవరూ అనలేదు. ఆమె నల్లా దగ్గరికి వస్తే ఆడవాళ్ళ మాటలు ఆగిపోయేవి, బిందె ఎత్తుకుని వెళ్ళగానే మళ్ళీ మొదలయ్యేవి. ఇంట్ల సుఖముంటే మగోడు గట్ల చేస్తడా అని ఒకరు. పిరికోడు, పెండ్లాన్ని నడిమిట్ల ఇడిసి పోయిండు అని ఇంకొకరు. పిల్లల్ని ఆ గుమ్మం వైపు పోనిచ్చేవారు కాదు. కొన్నాళ్ళకు అక్క పగలు కూడా తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది.

మా నాయనమ్మ ఎవరితోనూ వాదించలేదు. నేను బడి నుంచి రాగానే, అమ్మ పొద్దున గట్టిగా వేసిన జడను విప్పేసేది. చేతిలో దువ్వెన పెట్టి, "నాకు కండ్లు ఆనుతలెవ్వు, అక్కతోని ఏయించుకొని రా పో" అనేది. నాయనమ్మ సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కిస్తుందని నాకు తెలుసు. అయినా వెళ్ళేదాన్ని. మొదటి రోజు ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాను. అక్క తీసింది, జడ వేసి పంపించింది. రోజూ అంతే. పది రోజులయ్యేసరికి నేను వచ్చే వేళకు తలుపు ఓరగా తీసి ఉంచేది.

ఒకరోజు జడ అల్లుతుండగా, తోచింది అడిగేశాను.

"బావ పిరికోడంట గదా అక్కా?"

ఆమె చేతులు ఆగిపోయాయి. తర్వాత జడ పూర్తి చేసి, రిబ్బను కట్టి, నన్ను బయటకు పంపి గడియ పెట్టుకుంది.

ఏదో తప్పు చేశానని మాత్రం అర్థమై ఏడుస్తూ ఇంటికి పోయాను. నాయనమ్మ తిట్టలేదు, కొట్టలేదు. అక్కను ఏమడిగానో నాతో చెప్పించుకుంది. "పిరికోడు గాదు బిడ్డా. లోపల ఓర్సుకోలేనంత నొప్పి ఉండె. ఆయన చెప్పలే, మనం అడుగలే" అంది. లేచి నా చెయ్యి పట్టుకుని పక్క గదికి తీసుకెళ్ళింది. మూడుసార్లు తట్టాక తలుపు తెరుచుకుంది.

నాయనమ్మ నేల మీద చతికిలబడి, "దీనికి నల్లాకాడ ఇన్నదే ఎరుక. మీ ఆయన ఎట్లాంటోడో నువ్వు జర చెప్పు బిడ్డా" అంది.

అక్క వచ్చి నా ఎదురుగా కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది. సాంచల మోతకు చెవులు మొద్దుబారి, చెవిలో చెప్పాల్సిన మాట కూడా చాల్ అంతా వినేలా చెప్పేవాడట. ఆమె ఉల్లిగడ్డ కోస్తుంటే ఆయన కళ్ళే ముందు కారేవట. గుజరాతీ నేర్చుకుంటానని దుకాణాల బోర్డులన్నీ తప్పుగా చదివేవాడట. ఆ మాట చెబుతూ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. "కర్మలైన కాన్నుంచి ఆయన ముచ్చట నా ముంగట ఎవ్వలు ఎత్తలే అవ్వా" అంది. నాకొక్క మాట చెప్పకపాయె అని ఆయన మీద కోపపడింది. ఆ పొద్దు తను బజారుకు పోకుంటే బతికేవాడు కదా అని అడిగింది. నీ వల్ల గాలే అంది నాయనమ్మ. అక్క మళ్ళీ అదే అడిగింది. నాయనమ్మ మళ్ళీ అదే చెప్పింది. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు, విసుక్కోకుండా.

ఆ తర్వాత అమ్మ తన చీరల మూటలో సగం అక్క గదికి మోసుకెళ్ళి, ఇద్దరూ కలిసి దారాలు కత్తిరించేవాళ్ళు. నల్లా దగ్గర మాటలు పూర్తిగా ఆగలేదు. అక్క మాత్రం తలుపు తీసి ఉంచేది. రెండేళ్ళకు కుట్టుపని దొరికి సూరత్ పక్కనే ఉన్న కామ్‌రేజ్ వెళ్ళిపోయింది. నేను పెద్దయ్యాక వెళ్ళి, ఆనాటి మాటకు క్షమించమన్నాను. "అందరు ఎనక అన్నరు, నువ్వు ముఖం మీద అడిగినవు. గందుకే జవాబు చెప్పుకున్న" అంది.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. బావలా ఎవరో ప్రాణం తీసుకున్నారన్న కబురు సూరత్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ ఇళ్ళ నుంచి ఇంకా వస్తూనే ఉంది. మోకాళ్ళు సహకరించవు, ఒక్కోసారి వెళ్ళడానికి మనసూ రాదు. వెళ్తాను. ఎందుకు చేశాడని అడగను, ఆ ఇంట్లోవాళ్ళు ఆ ప్రశ్న రోజూ తమలో తామే వేసుకుంటూ ఉంటారు. ఎట్లాంటోడు అని అడుగుతాను. కొందరు మాట్లాడరు. మొన్న పల్సానాలో ఒక తల్లి ముందు గోడ మీది కొడుకు ఫొటో దించి తెచ్చింది. ఆ తర్వాత, కొడుక్కు వంకాయ కూరంటే అస్సలు పడేది కాదని మొదలుపెట్టింది. నేను ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది. కాళ్ళు చాపుకుని వింటూ కూర్చున్నాను.