ఒకే పేరున్న రెండు పట్టికలు

విరుదునగర్ బస్టాండులో కోవిల్పట్టి బస్సు కోసం నిలబడి ఉండగా అత్త ఫోను చేసింది. మామ పోయారని చెప్పింది. నేను బయల్దేరింది ఆయన దగ్గరికే. బస్సు వచ్చింది గానీ, ఇప్పుడు ఎక్కాలా వద్దా అన్నది కూడా తోచలేదు. వెనకనున్నవాళ్లు నెడితే ఎక్కాను.

మామ మా అమ్మకు అన్న. కోవిల్పట్టిలో పాలిటెక్నిక్ పిల్లలకు కంప్యూటర్ పాఠం చెప్పి రిటైరయ్యారు. పుదూరు వైపు నల్లరేగడిలో కాస్త మెట్ట చూసుకునేవారు. బయట తమిళం, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు ఆయనకు రావు. నేనూ పెద్దయ్యాకే నేర్చుకున్నాను. అందుకని పొలం సంగతులన్నీ మా ఇంటి తెలుగులోనే, తమిళ అక్షరాలతో, కంప్యూటర్లో ఒకే ఫైలుగా రాసుకున్నారు.

ఆ ఫైలొక వింత. పైన నాలుగు కబుర్లు, కింద వాన పట్టిక, దాని కింద చిన్న ప్రోగ్రాం, మళ్లీ కబుర్లు. ప్రోగ్రాం పట్టికను పేరుతో పిలుచుకుని లెక్క కట్టి, జవాబును తన కిందే ఇంకో పట్టికగా పరుస్తుంది. ఆ జవాబును తర్వాతి ప్రోగ్రాం పిలుచుకుంటుంది. అలా పోయి పోయి చివరికి ఒక్క మాట వస్తుంది: విత్తు, లేదా ఆగు.

నాకు ఈ విద్య నేర్పింది ఆయనే. నాకింత తిండి పెట్టే ఉద్యోగం ఉందంటే ఆ చలవే. చదువుకునే రోజుల్లో నేను బద్ధకించి అంకెలు తీసుకెళ్లి ప్రోగ్రాంలో రాసేస్తే, ఇవ్వబోయిన కడలమిఠాయి, అదే పల్లీపట్టీ, మళ్లీ డబ్బాలో పెట్టేసేవారు. "పట్టికలో ఉండేది ఆడనే ఉండనీ పాపా. పేరు పెట్టు. పిలిస్తే వస్తాది," అనేవారు. వానను మిల్లీమీటర్లలో రాయమంటే మాత్రం వినలేదు. ఊళ్లో మన్ను ఎంత లోతు తడిసిందో చూసి అరపదను, నిండు పదను అంటారు. ఆయన అదే రాసి, ఏ మాటకు ఎంత అంకె అన్నది వేరే పట్టికలో పెట్టారు.

కరుమాది కర్మలు ముగిసిన మర్నాడు అత్త లాప్టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. ఇంట్లో మినుముల విత్తనం ఉంది. మా వైపు పెద్దవాన రాకముందే ఎండుమన్నులో విత్తుతారు. తొందరపడితే చిన్న జల్లుకే గింజ మొలిచి మాడిపోతుంది. ఆలస్యమైతే రేగడి బురదై కాలు పెట్టనివ్వదు. రెండోసారి చల్లడానికి గింజ లేదు. ఇన్నేళ్లూ మామ చెప్పిన రోజునే విత్తారు కనుక, ఇక ఫైలే చెప్పాలని అత్త నమ్మకం.

ఈ ఏటి వాన చేర్చి నడిపాను. విత్తు అంది. ఎందుకో అనుమానమొచ్చి, పడని కుండపోత రాసి నడిపాను. విత్తు అంది. వాన మొత్తం తుడిచేసినా అదే మాట. కాలేజీలో ఈ పాఠమే చెప్పే నాకు బుర్ర తిరిగిపోయింది. ఫైలును మొదటినుంచి చదువుకుంటూ వస్తే, 'తాత పుంజ' అన్న పట్టిక రెండుచోట్ల కనబడింది. పుంజ అంటే మెట్ట. ఒకే పేరు రెండింటికి ఉంటే ప్రోగ్రాం పైదాన్ని పట్టుకుని ఊరుకుంటుంది. నేను దిద్దుతున్నది కిందిదాన్ని.

పైది మామ తమ్ముడు చిన్నమామదని దాని మీది కబుర్లు చదివితే తెలిసింది. పంపకాల్లో తాత మెట్ట రెండయింది: మెరక తమ్ముడికి, పల్లం అన్నకు. పేరు మాత్రం ఇద్దరూ వదులుకోలేదు. మా ఇళ్లల్లో ఇది మామూలే. మనవళ్లందరికీ తాత పేరే పెట్టి, పెద్దోడా, చిన్నోడా అని పిలుచుకుంటారు. ప్రోగ్రాముకు ఆ వరస ఎక్కడిది? పంపకం నాటినుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. అయినా నిరుటి దాకా తమ్ముడి మెరక మీద కురిసిన వానంతా పై పట్టికలో ఉంది. అంటే మామ ఇన్నేళ్లూ తమ్ముడి వాన చూసి తన పల్లంలో విత్తారు. తెలిసి చేశారా, నాకు అంత పాఠం చెప్పిన మనిషే పొరబడ్డారా? నాకు తెలియదు. తెలియనందుకు ఆయన మీద కోపం వస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది.

పేరు మార్చనా అని అత్తను అడిగాను.

"ఆయన పెట్టింది నువ్వేల మారుస్తావు? పై పుంజ వాన తెలిసినోళ్లను అడుగుదాం రా," అంది.

చిన్నమామ ఇంటి గడప ఆమె తొక్కి ఏళ్లయింది. ఆయనా అన్న కర్మలకు వచ్చి దూరంగానే నిలబడి వెళ్లిన మనిషి. అత్త చెప్పిందంతా తలవంచుకుని విన్నారు.

"నా పుంజ చూసి అన్న విత్తేది ఏంది వదినె? అన్న చెయ్యి లేచేది చూసేదాకా నేను గింజే తియ్యకుంటినే," అన్నారు.

రెండు ప్రోగ్రాములు ఒకదాని జవాబు కోసం ఒకటి కాచుకుంటే రెండూ కదలవు. మరి ఆ మెట్ట ఏటేటా ఎలా పండిందో నా చదువుకు అందలేదు. ఆయన చెప్పిన ఈ ఏటి వాన పై పట్టికలో రాసి నడిపాను. విత్తు అంది. అదే మాట. ఈసారి నమ్మాలో లేదో తేల్చుకోలేక ఇద్దరికీ చూపించాను. మన్ను ఎండుగానే ఉంది, రేపు చల్లుదామన్నారు చిన్నమామ.

మర్నాడు గట్టుకు ఆపక్క ఆయన, ఈపక్క అత్త, ఒడిలో మినుములతో నిలబడ్డారు. ఆయన అత్త చేతినే చూస్తున్నారు. అత్త ఆయన చేతిని చూస్తోంది. ఎంతసేపటికీ ఎవరూ కదల్లేదు. గాలికి దుమ్ము లేచి నేను కళ్లు నులుముకునేలోపల రెండువైపులా నల్లమన్ను మీద గింజలు రాలుతున్నాయి. ఎవరి పిడికిలి ముందు విచ్చుకుందో నేను చూడలేకపోయాను.