నూనె లేని గారెలు

మా ఆయన డ్రైవ్‌వేలో మంచు ఎత్తుతూ కూలబడినప్పుడు నేను వంటింట్లో పునుగులు వేయిస్తున్నాను. కెనడాలో, ఏజాక్స్ ఊళ్ళోని మా ఇంట్లో సింకు దగ్గర నిలబడితే గ్యారేజీ ముందు భాగమంతా కిటికీలోంచి కనిపిస్తుంది. ఆయన పారను ఆనుకుని కాసేపు ఆగారు. అలిసిపోయారేమో అనుకున్నాను. తర్వాత మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆ తర్వాత పక్కకి ఒరిగారు.

నేను స్టవ్ ఆపాను. చేతులు తుడుచుకున్నాను. కోటు వేసుకుని, జిప్పు మెడదాకా లాక్కుని, ఫోనులో 911 నొక్కుతూ బయటికి వెళ్ళాను. అడ్రస్ అడిగితే పోస్టల్ కోడ్‌తో సహా చెప్పాను. ఊపిరి ఆడుతోందా అని అడిగితే వంగి చూసి, ఆడుతోందన్నాను. ఆఫీసు మీటింగుల్లో పని ఎంతవరకు వచ్చిందో చెప్పేటప్పుడు నా గొంతు ఎలా ఉంటుందో, అప్పుడూ అలాగే ఉంది.

గుండెకు రక్తం అందించే నాళం ఒకటి మూసుకుపోయిందని, స్టెంట్ వేశామని, వెంటనే తీసుకురావడం మంచిదైందని డాక్టర్ చెప్పింది. నర్సు నా ముందు టిష్యూల డబ్బా పెట్టింది. థాంక్స్ చెప్పి, దాన్ని కొంచెం పక్కకు జరిపి, నా ఫోను పెట్టుకోవడానికి చోటు చేసుకున్నాను. అందరూ నన్ను ధైర్యవంతురాలన్నారు. కొన్నాళ్ళు నేనూ అదే అనుకున్నాను.

ఏడుపు వస్తుందని ఎదురుచూశాను. మార్కమ్‌లో ఆఫీసుకి డ్రైవ్ చేస్తున్నప్పుడో, స్నానం చేస్తున్నప్పుడో వస్తుందనుకున్నాను. రాలేదు. పన్ను పీకే ముందు ఇంజెక్షన్ ఇస్తే పెదవి మొద్దుబారుతుంది కదా, వేలితో తాకితే మనదే అని తెలుస్తుంది గానీ తాకినట్టుండదు. నేనంతా అలా ఉన్నాను.

హాస్పిటల్ నుంచి పంపించే ముందు డైటీషియన్ వచ్చి మా ఇద్దరితో మాట్లాడింది. నూనెలో వేయించినవి మానేయాలంది. "అంతగా తినాలనిపిస్తే ఓవెన్‌లో బేక్ చేసుకోండి" అని నవ్వింది. ఆయన పైకప్పు వైపు చూస్తూ పడుకున్నారు.

మాది తెనాలి, ఆయనది కరీంనగర్. మాకు మాట దగ్గర తేడాలుండేవి గానీ నూనె దగ్గర లేవు. వాన పడినా, మంచు పడినా, ఎవరైనా ఇంటికొచ్చినా, రాకపోయినా బాండీ పొయ్యెక్కేది. ఓవెన్ అంటే మాకు ఆ బాండీలనీ అట్లపెనాలనీ దాచుకునే అర మాత్రమే. ఇంటికి వచ్చిన మర్నాడు నేను వాటన్నిటినీ బయటికి తీసి బేస్‌మెంట్‌లో పెట్టి, ఓవెన్ లోపల కడిగాను. ఎవరూ చెయ్యమనలేదు. చేతులకి పని ఉంటే మిగతా నేను ఎక్కడున్నానో చూసుకోనక్కర్లేదు.

మొదట మిరపకాయ బజ్జీలు పెట్టాను. శనగపిండి జారుగా కలిపి, మిరపకాయలు ముంచి, ట్రేలో వరసగా పేర్చాను. తలుపు తీసి చూసేసరికి పిండంతా కిందికి కారిపోయి ఒకే అట్టు అయ్యింది. దాని మీద మిరపకాయలు నగ్నంగా పడుకుని ఉన్నాయి. ఆయన ఒక ముక్క తుంపుకుని తిన్నారు. ఏమీ అనలేదు. నేనూ ఎలా ఉందని అడగలేదు.

తర్వాత పిండి గట్టిగా కలిపాను. ట్రేకి నూనె చేత్తో రాసి, ముందే వేడెక్కించి, అప్పుడు బజ్జీలు పెట్టాను. ఈసారి నిలబడ్డాయి, కానీ విరిచి చూస్తే మిరపకాయకి దుప్పటి కప్పినట్టుంది. పైన బొంబాయి రవ్వ అద్దితే కాస్త కరకరలాడాయి. పకోడీ పరవాలేదు. అరటికాయ చిప్స్ బాగానే వచ్చాయి. సమోసాలు పైన గోధుమరంగుకి తిరిగాయి గానీ లోపల కూరంతా ఎండిపోయింది. ప్రతి సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి ఏదో ఒకటి ఓవెన్‌లో పెట్టేదాన్ని. ఆయన ప్రతిదీ తిన్నారు. మందులు వేసుకున్నట్టే, నీళ్ళు తాగి మరీ తిన్నారు.

ఒక సాయంత్రం ట్రే బయటికి తీస్తున్నాను. మా అమ్మాయి బల్ల దగ్గర కూర్చుని కాలేజీ అసైన్‌మెంట్ చేసుకుంటోంది. ఉన్నట్టుండి కుర్చీ వెనక్కి తన్ని లేచింది.

"అమ్మా! యువర్ హ్యాండ్!"

చూసుకుంటే ఎడమచేతికి గ్లౌవు లేదు. ట్రే అంచు నా అరచేతిలో ఉంది. దాన్ని స్టవ్ మీద జాగ్రత్తగా దించాను. అమ్మాయి నా చేయి పట్టుకుని లాక్కెళ్ళి కుళాయి కింద పెట్టింది. చల్లటి నీళ్ళు పడ్డాకే మంట తెలిసింది. అది ఏడుస్తోంది.

"ఎందుకేడుస్తావు? కొంచెం కాలింది, అంతే."

"వై ఆర్ యూ నాట్ క్రయింగ్? నువ్వు అసలు ఎందుకు ఏడవ్వు?"

అది తెలుగులో అడగడం అరుదు. ఆయన సోఫాలోంచి లేచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను దాని తల నిమిరాను.

చలి తగ్గాక ఒక ఆదివారం మా వీధి చివర ఉండే ఆంటీ భోజనానికి పిలిచారు. మా ఆయన కోలుకున్నందుకే పిలిచారు. ఇల్లంతా నూనె వాసన. ఆంటీ చేతులు పిండితో ఉండగానే ఎదురొచ్చారు.

"రా నాయనా, వేడివేడిగా ఉన్నాయి. ఒక్కటి తింటే ఏమీ కాదులే. ఇన్నాళ్ళు నోరు కట్టుకున్నావుగా!"

పళ్ళెంలో బజ్జీలు పొంగి మెరుస్తున్నాయి. చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మరసం పిండారు. ఆయన నా వైపు చూశారు. నేను వద్దంటానని గదిలో అందరూ అనుకున్నట్టున్నారు. వద్దనాల్సింది. లోపల వెతికితే ఆ మాట అనడానికి కావలసిన కోపం గానీ భయం గానీ దొరకలేదు. ఆయన ఒకటి తిన్నారు. ఇంకొకటి తిన్నారు.

తిరిగి వస్తుంటే కారు నేనే డ్రైవ్ చేశాను. వెళ్ళిన దారి చిన్నదే అయినా ఆయనని నడిపించడం ఇష్టం లేక కారు తీశాను. ఇంటి ముందు ఆపాక ఆయన సీటు బెల్టు విప్పలేదు.

"రెండు తిన్న. చూసినవా?"

"చూశాను."

"ఏమన్నా అంటవని తిన్న. తిడతవనుకున్న."

నేను చేతులు స్టీరింగ్ మీదే ఉంచాను.

"నేను పడ్డరోజు సంది నువ్వు ఇట్లనే ఉన్నవు. అన్నీ చేస్తున్నవు. నీకు భయం గాలేదా?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "ఇంకా కాలేదు" అన్నాను.

ఆయన సీటు బెల్టు విప్పారు. "సరే," అన్నారు. "అయినప్పుడు చెప్పు. నేను ఇంట్లనే ఉంట గద."

లోపలికి వెళ్ళాక ఆయన నేరుగా వంటింట్లోకి నడిచారు. ఓవెన్ తలుపు తీసి, లోపలికి చూసి, మూశారు.

"ఇంకోటి చెప్తా, ఏమనుకోకు. నువ్వు చేసేవి బజ్జీలు కావు. వాటిని బజ్జీలంటే నా నాలిక ఊకోదు. వేరే పేరు పెట్టు, తింట."

మర్నాడు సాయంత్రం నుంచి ఆయన కూడా పక్కన నిలబడటం మొదలుపెట్టారు. నేను పిండి రుబ్బితే ఆయన ఉల్లిపాయలు తరిగేవారు. మిరపకాయ బజ్జీల సంగతి వదిలేశాం. మిరపకాయల్ని నిలువునా చీల్చి, లోపల వాము, చింతపండు కలిపిన వేయించిన శనగపిండి కూరి, అలాగే కాల్చాం. దానికి పేరు మాత్రం పెట్టలేదు. ఆయన నీళ్ళు తాగకుండా తిన్నారు.

గారెలు మాత్రం లొంగలేదు. మినప్పిండి ఓవెన్‌లో పొంగదు, ఎండుతుంది. మా అమ్మాయి డోనట్లు చేసుకునే ట్రే ఒకటి కొనుక్కొచ్చింది. గుంటల మధ్యలో చిన్న బొడిపె ఉంటుంది కాబట్టి చిల్లు దానంతటదే పడుతుంది. అల్లం, పచ్చిమిర్చి, మిరియాలు వేసి పిండి అందులో నింపాం. చూపులకి అచ్చం గారెలే. ఆయన ఒకటి బల్ల మీద కొట్టి చూశారు. టకటకమంది.

"దే ఆర్ బేగల్స్," అంది అమ్మాయి. ఇక్కడ దొరికే గట్టి చిల్లు రొట్టెలవి.

పారెయ్యడం ఇష్టం లేక వాటిని గోరువెచ్చటి నీళ్ళలో ముంచి, చేత్తో నీళ్ళు పిండేసి, పెరుగులో వేసి ఫ్రిజ్‌లో పెట్టాను. అల్లం, కొత్తిమీర వేసి పైన తాలింపు పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం తీసేసరికి అవి పెరుగంతా పీల్చుకుని ఉబ్బి, మెత్తబడ్డాయి. నూనెలో వేగినవి అంత పెరుగు తాగవు. ముగ్గురం బల్ల దగ్గర కూర్చున్నాం. ఆయన చెంచాతో కోసి నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

"ఇది పెరుగు గారె," అన్నారు. "దీన్ని అదే పేరుతో పిలువు." మరో ముక్క తిన్నారు. "ఉప్పు సాల్లేదు."

"ఉప్పు తగ్గించమన్నారు కదా డాక్టర్."

"తగ్గించమన్నరు. మర్చిపొమ్మనలే. నువ్వు రుచి చూసినవా అసలు?"

చూడలేదు. ఆయన హాస్పిటల్ నుంచి వచ్చినప్పటినుంచీ వండినవేవీ నేను రుచి చూడలేదని అప్పుడు తట్టింది. చెంచా తీసుకుని తిన్నాను. ఉప్పు నిజంగానే తక్కువైంది. అయినా ఒప్పుకోవాలనిపించలేదు.

"ఇన్నాళ్ళూ నోరు మూసుకుని తిని, ఇప్పుడు ఉప్పంటారేంటి? అప్పుడు చెప్పాలి కదా! రోజూ నిలబడి చేస్తున్నాను, ఒక్కసారైనా బాగుందనో బాగాలేదనో అన్నారా?"

నా గొంతు పెద్దదైంది. చెవులు వేడెక్కాయి. ఎప్పటినుంచో మొద్దుబారిన చోట సూది గుచ్చుకున్నట్టు చిన్నగా, స్పష్టంగా కోపం వచ్చింది. ఆయన చెంచా ఆపి నన్నే చూస్తున్నారు.

"ఆర్ యూ గైస్ ఫైటింగ్?" అంది మా అమ్మాయి. దాని మొహం వెలిగిపోయింది.

"లేదు," అన్నాను.

"అవ్," అన్నారు ఆయన.

భయం ఇంకా రాలేదు. ఏడుపూ రాలేదు. ఎప్పుడొస్తాయో నాకు తెలియదు, ఆయన కూడా అడగడం మానేశారు. ఆ మధ్యాహ్నం మాత్రం నేను లేచి ఉప్పు డబ్బా తెచ్చి, ఆయన గిన్నెలో వెయ్యకుండా, నా గిన్నెలో చిటికెడు చల్లుకున్నాను. అన్యాయం అంటూ ఆయన అరుస్తుంటే కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.