తొమ్మిది మీటర్ల దగ్గర టేపు లాగింది

భూమి కింద ఏముందో చెప్పడం నా ఉద్యోగం. విశాఖపట్నంలో ఎన్నో ఏళ్ళుగా అదే చేస్తున్నాను. రాయి ఉంటే రాయి అని రాస్తాను, నీరు ఉంటే ఎంత లోతున ఉందో రాస్తాను. దయ్యాలూ ఆత్మలూ అంటూ ఎవరైనా మొదలుపెడితే లేచి పక్క గదిలోకి వెళ్ళే మనిషిని. మా ఆడపడుచు తన ఇంట్లో రాత్రుళ్ళు ఎవరో గోడ మీద కొడుతున్నారని ఏడిస్తే, వెళ్ళి నీళ్ళ పైపులో గాలి చేరిందని చూపించి వచ్చాను.

ఇప్పుడు ఇది రాస్తున్నానంటే నా నమ్మకం మారిందని కాదు. ఒక విషయం చాలాకాలంగా నన్ను విసిగిస్తోంది. రాసేస్తే వదులుతుందేమోనని చూస్తున్నాను.

మాది భూగర్భజలాల విభాగం. నేను జిల్లాలో పెద్ద అధికారిని. పెద్ద అంటే, పైనుంచి వచ్చే చీవాట్లు ముందు నాకు తగులుతాయి. జిల్లా అంతటా మాకు పరిశీలన బోర్లు ఉంటాయి. నీరు తోడడానికి కాదు, నీటిమట్టం కొలవడానికి. ఆరంగుళాల గొట్టం, పైన తాళం వేసిన మూత. నెలకోసారి మూత తీసి, చివర బరువు కట్టిన స్టీలు టేపు వదిలి, నీరు ఎంత లోతున తగిలిందో చూడాలి. నీటి శాంపిల్ మాత్రం ఏడాదికి రెండుసార్లే, వానలకి ముందొకటి, తర్వాత ఒకటి.

ఆ ఏడాది, కొలత పుస్తకంలో రాస్తే చాలదు, ఫోన్ యాప్‌లో ఫోటోతో సహా ఎక్కించాలన్నారు. మా జిల్లా వెనకబడిందని వీడియో కాన్ఫరెన్స్‌లో అందరి ముందూ నన్ను నిలబెట్టి అడిగారు. దాంతో ఆగస్టులో ఒక రోజు నేనే ఫీల్డుకి బయల్దేరాను. వెంట మా టెక్నీషియన్ సూరిబాబు. భీమిలి దగ్గరి మనిషి, ఎప్పటినుంచో నాతో తిరుగుతున్నవాడు.

మేం వెళ్ళింది గాజువాక దాటాక ఒక కాలనీకి. స్టీల్ ప్లాంట్ కోసం ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళు అక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. మా బోరు ఒక సందు చివర ఉంది. దానికి ఇరవై అడుగుల దూరంలో చేత్తో కొట్టే బోరింగు. కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి, ఆ చుట్టుపక్కల వాళ్ళంతా తాగేది ఆ బోరింగు నీళ్ళే.

బోరు తాళంచెవి ఎదురింట్లో పైడమ్మ దగ్గర ఉంటుంది. ఆవిడ భర్త అప్పలస్వామి చాలా ఏళ్ళు మాకు ఆ బోరు కొలిచి పెట్టాడు. అంతకు ముందు ఏడాది గుండెపోటుతో ఆస్పత్రిలో పోయాడు. అతని స్థానంలో ఇంకొకరిని పెట్టమని నేను మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు.

పదకొండు గంటలైంది. ఉక్కపోతకి ఒళ్ళంతా జిగట. నేను బోరు మూత మీద కాలు పెట్టి నిలబడి యాప్ తెరిస్తే, 'మీరు బావికి చాలా దూరంలో ఉన్నారు' అని వచ్చింది. పక్కకి జరిగి చూశాను. మళ్ళీ అదే మాట. ఫోన్ జీపు సీటు మీదకి విసిరేశాను. ఆ చిరాకులో ఉన్నానని మీరు గుర్తుంచుకోవాలి. భయపడే స్థితిలో లేను.

సూరిబాబు టేపు వదిలాడు. తొమ్మిది మీటర్లు దాటగానే నీరు తగిలింది. అతను చుట్టబోయి ఆగిపోయాడు.

"మేడం, ఎవులో లాగుతన్నారు."

"గొట్టం అతుకులో తగులుకుని ఉంటుంది. ఇలా ఇవ్వు," అన్నాను.

టేపు నా చేతిలోకి వచ్చింది. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత కిందనుంచి లాగింది. గట్టిగా కాదు. పక్కన కూర్చున్న మనిషి మాట వినమని కొంగు పట్టి లాగినట్టు, రెండుసార్లు. కాస్త ఆగి మళ్ళీ రెండుసార్లు.

పైకి తీశాను. ఎక్కడా తగలకుండా వచ్చింది. బోరింగు కొడుతున్న ఆడవాళ్ళని ఆపమన్నాను. వాళ్ళు గొణుక్కుంటూ ఆపారు. మళ్ళీ వదిలితే మళ్ళీ లాగింది. పైడమ్మని అద్దం అడిగి తెచ్చి, సూరిబాబుని ఎండ గొట్టంలోకి కొట్టమన్నాను. కింద నీరు మెరిసింది. బరువు నీటి మీద నిలకడగా వేలాడుతోంది.

"బరువు కదల్నేదు మేడం," అన్నాడతను లోపలికి చూస్తూనే.

ఆ మాట అంటున్నప్పుడే నా చెయ్యి జానెడు కిందికి పోయింది.

పైడమ్మ గడప మీద కూర్చుని చూస్తోంది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు, విసుగుంది.

"ఆయనేనమ్మా. పది రోజులై మూత టంగు టంగుమంతంది. నీల్లు బాగోనట్టున్నాయి. పరీచ్చ సేయించండి."

"అప్పలస్వామి పోయింది ఆస్పత్రిలో కదమ్మా," అన్నాను. ఇంతకంటే తెలివైన మాట నాకు తోచలేదు.

"అవును. మరిక్కడికెందుకొచ్చేడో నాకేటి తెల్సు? బతికున్నపుడూ ఇంతే. ఇల్లు ఎలాగుందో సూసేవోడు కాదు, బోరు సూసేవోడు."

శాంపిల్ తీసే నెల కాదని, నవంబరులో తీస్తామని చెప్పాను.

"నవంబరు దాకా మా పిల్లలు తాగుతానే ఉండాలేటి?" అంది.

వాదించే ఓపిక లేక జీపులోంచి సీసాలు తీయించాను. మా బోరులో ఒకటి, బోరింగులో ఒకటి పట్టించాను. నిజం చెప్పాలంటే, ఆవిడ నోరు మూయించడానికే.

మూడో రోజు ల్యాబ్ నుంచి ఫోన్. ఆ నీళ్ళు ఎవరినీ తాగనివ్వొద్దన్నారు. రెండు సీసాల్లోనూ మురుగు కలిసి ఉంది. ఆ సాయంత్రమే బోరింగు చెయ్యి ఊడదీయించాను. ఆడవాళ్ళు బిందెలతో నా మీదకొచ్చారు, ట్యాంకరు వచ్చేదాకా జీపు కదలనివ్వలేదు. సందు తవ్విస్తే, ఏ పటంలోనూ లేని పాత మురుగు గొట్టం ఒకటి పగిలి కనిపించింది. అప్పటికే నాలుగిళ్ళలో పిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయి. అందరూ కోలుకున్నారు. ఇంకో వారం తాగి ఉంటే ఏమయ్యేదో తనని అడగొద్దన్నారు అక్కడి డాక్టరు.

గొట్టం పగలడానికి కారణం ఉంది. నీరు చెడడానికి కారణం ఉంది. టేపుకే లేదు. కెమెరా తెప్పించి బోరు అడుగుదాకా దింపించాను. అతుకులు నున్నగా ఉన్నాయి, లోపల ఏమీ లేదు. టేపు మార్చాను, బరువు మార్చాను, వేరే మనుషుల చేత పట్టించాను. ఆ రోజు తర్వాత అది ఒక్కసారి కూడా లాగలేదు.

ఇంతలో పైనుంచి మెమో. నిర్ణీత నెలలో కాకుండా శాంపిల్ ఎందుకు తీశారో వివరించమని. పిల్లలు బతికినందుకు మాకొచ్చిన బహుమానం అది. 'స్థానికుల ఫిర్యాదు మేరకు' అని రాశాను. ఫిర్యాదు కాపీ జతచేయమని మళ్ళీ వచ్చింది.

తెల్లకాగితం పట్టుకుని పైడమ్మ దగ్గరికి వెళ్ళాను.

"పిర్యాదు నాను సెయ్యనేదు కదమ్మా. ఆయన సేసేడు. ఆయన పేరే రాయండి," అంది.

పోయిన మనిషి పేరు రాస్తే నా ఉద్యోగం ఎలా పోతుందో ఆవిడకి వివరించేసరికి నాకు తలనొప్పి వచ్చింది. చివరికి 'అప్పలస్వామి భార్య పైడమ్మ' అని రాసి వేలిముద్ర వేయించాను. ఫైలు మూసేశారు.

కాగితం మడుస్తుంటే ఆవిడ అడిగింది. "ఓపాలి ఆ టేపు నా సేతికిత్తారా?"

మూత తీయించాను. సూరిబాబు టేపు దింపి, నీరు తగిలాక ఆవిడ చేతికిచ్చాడు. పైడమ్మ గొట్టం పక్కన గొంతుకూర్చుని, రెండు చేతులతో పట్టుకుంది. మధ్యాహ్నం నాకు మీటింగు ఉంది. వెళ్దామని అనలేకపోయాను. చాలాసేపు అలాగే కూర్చుంది.

"ఏటీ నేదు," అని టేపు తిరిగి ఇచ్చేసి, ఇంట్లోకి వెళ్ళిపోయింది.

తిరిగి వస్తుంటే నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. దయ్యాల పేరెత్తితే లేచి వెళ్ళిపోయే నా చేతిని అన్నిసార్లు లాగిందే, అంతసేపు పట్టుకుని కూర్చున్న ఆవిడ చేతిని ఒక్కసారైనా లాగకూడదా?