భుజమా, చెయ్యా?

2023లో చెన్నైలో బధిర మహిళల ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. నాలుగు దేశాల జట్లు వచ్చాయి. నేను బాపట్లలో బధిరుల బడి టీచర్‌ని. మన జట్టుకు ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్లాను. పిల్లల చేతులు చెప్పింది నోటితో, ఎదుటివాళ్ల నోరు చెప్పింది చేతులతో చెప్పడం ఆ పని. ఈల వినపడదు కనుక ఈ ఆటలో రిఫరీ జెండా కూడా ఊపుతాడు.

మా జట్టులో నాగలక్ష్మిది రేపల్లె. పంతొమ్మిదేళ్లు. వాళ్లమ్మ ఆదెమ్మ చేపలు అమ్ముతుంది. నాగలక్ష్మి మా బడికి ఆలస్యంగా వచ్చింది. పదేళ్లదాకా ఇంట్లో పుట్టిన సైగలతోనే పెరిగింది.

సెమీఫైనల్లో చెరొక గోలు. చివర్లో కార్నర్ నుంచి వచ్చిన బంతి నాగలక్ష్మికి తగిలి గోల్లోకి పోయింది. మావాళ్లు గంతులేశారు. అవతలి జట్టు చేతికి తగిలిందంటూ రిఫరీని చుట్టుముట్టింది. ఆయన తన అసిస్టెంట్‌తో మాట్లాడి, నన్ను పిలిచాడు.

"బంతి ఎక్కడ తగిలిందో ఆ అమ్మాయినే అడగండి."

నాగలక్ష్మి తన భుజం మీద తట్టి, అరచేతిని కొద్దిగా కిందికి జార్చింది. నేను ఆలోచించకుండా "ఆర్మ్" అన్నాను. గోలు రద్దయింది. పెనాల్టీల్లో ఓడిపోయాం.

హ్యాండ్‌బాల్ నిబంధనలో చంక కింది నుంచే చెయ్యి కింద లెక్క. భుజానికి తగిలితే తప్పు లేదు. ఆ సంగతి కోచ్ చెప్పేదాకా నాకు తెలియదు. అప్పటికే జట్టంతా నాగలక్ష్మి మీద పడింది, ఎందుకు ఒప్పుకున్నావని. తను తట్టింది భుజాన్నే, ఒప్పుకోలేదు. ఒప్పించింది నేను.

రిఫరీ గదికి వెళ్లి తప్పు నాదని చెప్పాను.

"ఆట మళ్లీ మొదలయ్యాక మార్చే వీల్లేదండి. కానీ నిర్ణయం నాది, మీది కాదు. ఆ అమ్మాయి భుజమే చూపించిందని రిపోర్టులో రాస్తాను."

జట్టు ముందు నిలబడి అదే చెప్పాను. మిగతావాళ్లు నాగలక్ష్మిని కావలించుకున్నారు. తను మాత్రం రైల్లో నా వైపు చూడలేదు. బధిరులు చూపు తిప్పుకుంటే ఇక మన మాట చేరే దారే లేదు. బాపట్ల వచ్చినా నేను దిగలేదు.

రేపల్లె బండి మారాల్సిన తెనాలి స్టేషన్లో ఆదెమ్మ ఎదురొచ్చింది. "ఏంటి టీచరమ్మా, ఇంతదూరం వచ్చారేంటండి?"

జరిగింది చెప్పాను. సాంతం వింది.

"మీ సంగతి సరే. కన్నతల్లిని, నాకే దాని సైగలు సగం తెలీవండి. మళ్లీ అడిగితే బాధపడుద్దని తెలిసినట్టే తలూపేస్తా." కూతురి గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది. తన భుజం తట్టుకుని, ఏంటన్నట్టు చెయ్యి తిప్పింది.

నాగలక్ష్మి ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. బ్యాగు కింద పెట్టింది. నా మణికట్టు పట్టుకుని, నా అరచేతిని తన భుజం మీద ఉంచి కాస్త జార్చింది. అది భుజం. మోచేతిని పట్టుకుని ఊపింది. అది చెయ్యి. నాతో రెండుసార్లు చేయించింది, తర్వాత వాళ్లమ్మతో. ఆదెమ్మ తప్పు చేస్తే నవ్వింది. ఆ నవ్వు నా వైపు కూడా తిరిగింది.

ఇప్పుడు ఇంటర్‌ప్రెటర్‌గా ఆస్పత్రికి పిలిచినా, పోలీస్ స్టేషన్‌కి పిలిచినా, సైగను మాటగా మార్చేముందు అదే సైగ తిరిగి చేసి "ఇదేనా?" అని అడుగుతాను. వాళ్లు తలూపేదాకా నోరు తెరవను. డాక్టర్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. ఏ ట్రైనింగ్‌లోనూ ఇది నాకు రాలేదు. నా వల్ల గోలు పోగొట్టుకున్న పిల్ల, నా చెయ్యి పట్టుకుని నేర్పింది.