బాపు వెయ్యని మిర్చి తోట

మొన్నటి వానలకు మానుకోటలో మా కాలనీ నడుములోతు మునిగింది. నీళ్లు తీసిన వారానికి తహశీల్ ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో పలకంత ఫోను, అందులో ఆకాశం నుంచి తీసిన మా కాలనీ బొమ్మ. వచ్చే వానాకాలం ఏ ఇళ్లవాళ్లను ముందుగా బడిలోకి తరలించాలో, పడవ మొదట ఏ గల్లీకి రావాలో రాసుకుంటున్నారట. మా గేటు ముందు నలుగురు పోగయ్యారు. ఆ పిల్ల బొమ్మలో నీళ్లు నిలిచిన చోట ఉన్న ఒక నల్లటి మరక మీద వేలు పెట్టి, "పెద్దమ్మా, అందరికన్న ముందు ఇల్లు కట్టుకున్నది మీరే గదా. గీడ ఇదివరకు కుంట ఏమన్న ఉండెనా?" అని అడిగింది. ఆ మరకలో మా ఇల్లూ ఉంది. పక్కింటాయన ఇల్లూ ఉంది. ఆయన ఇల్లు అమ్మకానికి పెట్టి ఆర్నెల్లయింది, అందుకని కుంట మాట చెప్పొద్దన్నట్టు కళ్లతోనే సైగ చేశాడు. "కూసో బిడ్డా, చాయ తాగి మాట్లాడుకుందాం" అని నేను లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద నీళ్లు పెట్టానో లేదో, మా నాన్న, మా బాపు గుర్తొచ్చాడు.

మాది మరిపెడకు అవతల మిర్చికి పేరుపడ్డ ఊరు. బాపు ఆ ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీ. ఎనభైల్లో సర్కారు పట్వారీగిరి తీసేసింది గానీ బాపు మాత్రం దిగలేదు. పొద్దున్నే తలకు రుమాలు చుట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఎవరి గట్టు ఎక్కడిదాకా ఉందో జనమూ ఆయన్నే అడిగేవారు. ఊరి భూములన్నీ గీసిన బట్ట నక్షా ఆఫీసులో అప్పజెప్పాల్సింది పోయి, మా సందుగ పెట్టెలో అవ్వ పెళ్లి చీర కింద పడుకుని ఉండేది. అవ్వ అంటే మా అమ్మే. కోస్తా నుంచి వచ్చిన నా స్నేహితురాలు ఒకత్తె మా అవ్వను అమ్మమ్మ అనుకుంది. అది తెలిసి అవ్వ ఆ పిల్లకు రెండో పూట కూర వడ్డించలేదు.

నేను కాలేజీలో చదువుతున్న ఆ రోజుల్లో వరుసగా రెండేళ్లు వానలు మొహం చాటేశాయి. ఊరి పక్క తండాలో ఉన్న ఒక్క బావీ అడుగంటితే, ఆడవాళ్లు లోపలికి దిగి చిప్పతో తోడి బిందెల్లో పోసేవారు. మా చేనుకు పనికి వచ్చే తండా అక్క అట్లా దిగుతూ మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంది. దవాఖానలో కట్టు కట్టించుకుని వచ్చిన మర్నాడే రెండో చేత్తో బిందె పట్టుకుని మళ్లీ బావి దారి పట్టింది. అది చూసి అవ్వ ఏడ్చేసింది.

కరువు సాయం కింద ఊరికి ఒక బోరు మంజూరైంది. ఒక్కటంటే ఒక్కటే. మాది రాతినేల, చోటు తప్పితే దుమ్ము తప్ప ఏమీ రాదు. బోరు బండి కూడా రెండు రోజులే ఉండి జనగామ వైపు వెళ్లిపోతుందట. చోటు చూపడానికి హైదరాబాదు నుంచి ఒక కుర్ర ఆఫీసరు జీపులో వచ్చాడు. చంకలో కాగితపు చుట్ట. అది ఆకాశంలో తిరిగే యంత్రం తీసిన ఫోటో అని తెలియగానే ఊరంతా మా వాకిట్లో వాలింది. "నేను తానం జేసేది గూడ పడ్డదా ఏంది అండ్ల?" అని అవ్వ నిలదీసింది. ఆ అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. "లేదండీ, ఇందులో మనుషులు కనపడరు" అన్నాడు. "మనుషులే లేనిది అదేం ఫోటో!" అని అవ్వ పెదవి విరిచింది.

కాగితం నులక మంచం మీద పరిచారు. ఊరి పక్కన బూడిదరంగు నేలలో వంకరటింకరగా ఒక ఎర్రటి గీత. బాపు చూసీ చూడగానే, "మిర్చి ఆరబోసిండ్రు" అన్నాడు. అందరం ఔనన్నాం. మా ఊళ్లో ఎర్రగా ఉన్నది మిర్చి గాక మరేమవుతుంది? ఆఫీసరు నవ్వి, ఈ ఫోటోలో పచ్చగా ఉన్నదే ఎర్రగా అచ్చవుతుందని చెప్పాడు. "పోయిన ఎండాకాలం తీసింది ఇది. చుట్టూ మాడిపోయినా ఈ గీత వెంట చెట్లు బతికే ఉన్నాయి. అంటే కింద నీళ్లుండాలి. ఈ చోటు ఎవరిదండీ?"

బాపు రుమాలు సర్దుకున్నాడు. "మాదే. మిర్చి తోట ఏసినం. బాయి నీళ్లు పారిచ్చినం గనక పచ్చగ కొట్టింది. గిప్పుడు ఆ బాయి గూడ ఎండింది. అండ్ల నీళ్లెక్కడియి సారూ?" ఆకాశం నుంచి ఎంత చూసినా, కిందికి దిగి ఊరి పెద్దమనిషిని అడగడం ఆ ఆఫీసర్ల పద్ధతి. ఆ అబ్బాయి బాపు మాట నమ్మాడు. పెన్సిలు తీసి ఎర్ర గీత మీద అడ్డంగా కొట్టేశాడు. అయితే బడి వెనుక చూద్దామని లేవబోయాడు. బడి వెనుక అంతా బండ అని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కానీ పట్వారీ మాటకు ఎదురు చెప్పడం మా ఊరికి అలవాటు లేదు.

"గదేం మాట?" తలుపు వెనుక నుంచి అవ్వ బయటికి వచ్చింది. "పోయినేడు మనం మిర్చి ఏసినమా? నారు మడిలనే మాడిపాయె. తొక్కుకు కారం నేను మరిపెడ అంగట్ల కొన్న."

మిర్చి పండించే ఇంట్లో కారం కొనుక్కోవడమంటే మా దిక్కు ఎంత నామర్దానో చెప్పలేను. ఆ తొక్కు పచ్చడి అవ్వ వాడంతా పంచి, మా చేనిదే మిర్చి అని గొప్పలు కూడా చెప్పుకుంది. ఇప్పుడు నలుగురిలో తనే ఒప్పుకుంది. తండా అక్క మెడకు వేలాడేసుకున్న చెయ్యి వైపు చూపించి, "ఈ చెయ్యి జూసి చెప్పు నువ్వు" అంది బాపుతో.

బాపు లేచి లోపలికి వెళ్లాడు. ఇక కొడతాడేమోనని నేను అవ్వకు అడ్డంగా వచ్చి నిలబడ్డాను. సందుగ మూత చప్పుడైంది. బట్ట నక్షా తెచ్చి ఆ ఫోటో పక్కనే పరిచాడు. అందులో నీలి సిరాతో గీసిన వాగుపాయ ఒకటి ఉంది, అచ్చం ఎర్ర గీత తిరిగిన చోటల్లా తిరుగుతూ. "ఇది ఒర్రె. సర్కారుది. మా నాయిన పూడిపిచ్చి చేన్ల కలుపుకున్నడు. నేను మాదని రాసుకున్న. గీడనే ఎయ్యిండ్రి బోరు." తల మీద రుమాలు లేదు. బాపును నలుగురిలో ఒట్టి తలతో చూడడం నాకు అదే మొదలు. అప్పుడు సిగ్గేసింది, ఇప్పుడు తలచుకుంటే ఆయన మీద ప్రేమ పొంగుతుంది.

మర్నాడు మధ్యాహ్నానికి ముందు దుమ్ము, తర్వాత బురద, ఆ తర్వాత నీళ్లు ఎగిసిపడ్డాయి. తండా అక్క ఒక్క చేత్తోనే పుడిసిలి పట్టి తాగి, "తియ్యగున్నయ్ పటేలా" అంది. బాపు జీపు చాటుకు పోయి కళ్లు తుడుచుకున్నాడు. చేనులో ఆ ముక్క మళ్లీ సర్కారుకు పోయింది. బాపు మూడు రోజులు అవ్వతో మాట్లాడలేదు. నాలుగో రోజు తొక్కు కలుపుకుని, "కారం తక్వైంది" అన్నాడు. "కొన్న కారం గంతే" అంది అవ్వ.

చాయ పొంగింది. కప్పులు పట్టుకుని బయటికి వచ్చాను. పక్కింటాయన ఇంకా నావైపే చూస్తున్నాడు, పాపం ఆయనకూ ఆడపిల్ల చదువు ఖర్చుంది. అయినా చెప్పాను. "ఉండె బిడ్డా. కుంట ఉండె. ఎండాకాలం బర్రెలు పండుకునేటివి. పూడిపిచ్చి ప్లాట్లు జేసిండ్రు. తెలిసే కొన్న నేను." ఆ పిల్ల రాసుకుంది. అయితే పడవ మొదట మీ గల్లీకే వస్తుంది పెద్దమ్మా అంది. పక్కింటాయన చాయ ముట్టలేదు.

బాపు నిజం ఒప్పుకోవడానికి వాకిట్లోంచి సందుగ దాకా నడిచినంత సేపు పట్టింది. నాకు ఈ ఇంట్లో ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.